గంగ పరవళ్లలో బిడ్డ తొలి ప్రయాణము

హృషీకేశ యాత్రకు పోవు కుటుంబములు నేడు గంగాస్నానముతో తృప్తిపడక, గాలి నింపిన రబ్బరు తెప్పలపై నది పరవళ్లలో విహరించుచున్నవి. శివపురినుండి హృషీకేశమునకు జలమార్గము సుమారు 16 కిలోమీటర్లు. బ్రహ్మపురినుండి సుమారు 9. తొలిసారి తెప్ప నెక్కు బిడ్డకు ఈ పొట్టి మార్గమే మేలు.

అక్కడ 14 ఏండ్లు నిండనివారిని ఎక్కించుకొనరాదని నియమము. చిన్నవాడు మారాము చేసెనని తెప్పవానిని బ్రతిమాలుట ప్రేమ యనిపించుకొనదు. జూలై, ఆగస్టు మాసములలో వరదలవలన ఈ విహారమునే నిలిపివేయుదురు.

తల్లి స్వయముగా చూడవలసినది లైఫ్ జాకెట్టు. పట్టీలన్నియు బిగించి, భుజములకడ పట్టి పైకి లాగవలెను. అది చెవులవరకు జారివచ్చినచో బిడ్డకు వదులు, వేరొకటి అడుగవలెను. హెల్మెట్టు పట్టీయు గడ్డముక్రింద బిగువుగా నుండవలెను.

బిడ్డకు ముఖ్యముగా నేర్పవలసినది ఒకటి కలదు. నీట పడినచో నిలువబడ యత్నింపరాదు. రాళ్ల సందున పాదము చిక్కెనా, ప్రవాహము మనిషిని ముంచివేయును. వెల్లకిల తేలుచు, కాళ్లు ప్రవాహము పోవు దిక్కునకు చాచి, కాలివ్రేళ్లు నీటిపైకి కనబడునట్లుంచి, తెప్ప నడుపువాని మాటకై చెవి యొగ్గవలెను.

సోదరీమణులారా! ఒడ్డున ఇసుకపై బిడ్డను పరుండబెట్టి ఈ పాఠమును రెండుమారులు చేయింపుడు. తడబడక చేసిన పిమ్మటనే తెప్ప నెక్కనిండు. అప్పుడు మంచుకొండల చల్లని నీరు మొగమున చిందగా బిడ్డ కొట్టు కేరింతలను మీరును నిశ్చింతగా విని సంతసింపగలరు.