తడబడే డిస్క్

చెడిపోతున్న హార్డ్‌డిస్క్ తన జబ్బును చివరిదాకా దాచుకుంటుంది. దాని తయారీయే అలాంటిది.

1956లో ఐబీఎం ప్రకటించిన తొలి హార్డ్‌డిస్క్ కాలిఫోర్నియాలోని శాన్‌హోసేలో పుట్టింది. రేనాల్డ్ జాన్సన్ బృందం దాన్ని రూపొందించింది. రెండడుగుల వెడల్పున యాభై పళ్లేలు, వాటి మధ్య పైకీ కిందికీ తిరుగుతూ సమాచారాన్ని రాసి చదివే రెండే రెండు హెడ్లు. ఇంతా చేసి పట్టేది 50 లక్షల అక్షరాలు. కోరిన సమాచారం దొరకడానికి సగటున 0.6 సెకను పట్టేది. అప్పట్లో అది అద్భుతం. ఇవాళ ఒక సెక్టార్ దగ్గర, అంటే పళ్లెం మీది ఒక చిన్న ముక్క దగ్గర, హెడ్ అంతసేపు ఆగిందంటే అది రోగలక్షణం.

ఎందుకంటే నిమిషానికి 7,200 సార్లు తిరిగే డిస్క్‌కు ఒక చుట్టుకు 8.3 మిల్లీసెకన్లు చాలు. చదివింది తప్పుగా వస్తే డిస్క్ తనలోని దిద్దుబాటు లెక్కలతో సరిచేసుకుంటుంది. కుదరకపోతే మరో చుట్టు తిరిగేదాకా ఆగి మళ్లీ చదువుతుంది. వంద ప్రయత్నాలంటే దాదాపు ఒక సెకను. చివరికి చదవగలిగితే మనకు ఫైలు భేషుగ్గా తెరుచుకుంటుంది, పోయిన కాలం తప్ప ఏ ఆనవాలూ మిగలదు.

నెమ్మది స్కాన్ కొలిచేది ఆ కాలాన్నే. మొదటి సెక్టార్ నుంచి చివరిదాకా చదివిస్తూ, ఒక్కో ముక్కకు ఎన్ని మిల్లీసెకన్లు పట్టిందో రాసుకుంటుంది. సెకనుకు 150 మెగాబైట్ల చొప్పున చదివినా 4 టెరాబైట్ల డిస్క్‌కు ఏడు గంటలు దాటుతుంది. పళ్లెం అంచు నుంచి లోపలికి పోయేకొద్దీ వేగం తగ్గడం మామూలే, కంగారు పడనక్కర్లేదు. చూడాల్సింది వేగంలో హఠాత్తుగా పడే గుంటల్ని. అవి ఒకేచోట గుంపుగా ఉంటే పళ్లెం మీద గీత పడి ఉండవచ్చు. సమాన దూరాల్లో పదేపదే వస్తే ఒక హెడ్ బలహీనపడిందేమో. స్కాన్ చేసిన ప్రతిసారీ చోటు మారుతుంటే డిస్క్‌ను అనుమానించేముందు కేబుల్ మార్చి చూడాలి.

డిస్క్ తన ఆరోగ్యాన్ని తానే చెప్పే స్మార్ట్ పద్ధతి 1990ల నడుమ వచ్చింది. దాన్ని పూర్తిగా నమ్మలేం. లక్షకు పైగా డిస్క్‌లను గమనించి 2007లో గూగుల్ ఇంజనీర్లు వెలువరించిన అధ్యయనంలో, చెడిపోయిన వాటిలో 36 శాతానికి పైగా డిస్క్‌లు ఉష్ణోగ్రత సంగతి పక్కన పెడితే స్మార్ట్ లెక్కల్లో ఏ హెచ్చరికా ఇవ్వలేదు. అదే అధ్యయనంలో మరో మాట: స్కాన్‌లో మొదటి తప్పు బయటపడ్డ డిస్క్, ఏ తప్పూ లేని డిస్క్ కంటే అరవై రోజుల్లో చెడిపోయే అవకాశం 39 రెట్లు ఎక్కువ.

అయితే డిస్క్ తడబడగానే స్కాన్‌కు కూర్చోబెట్టడం నాకు నచ్చని అలవాటు. పెళ్లి ఫొటోలకు మరో కాపీ లేనప్పుడు ఏడు గంటల పరీక్ష దేనికి? “ఫార్మాట్ చేస్తే బాగవుతుంది” అనే సలహా మరీ ప్రమాదం. ముందు కాపీ తీయాలి. డీడీరెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రామ్ సులువుగా వచ్చే భాగాలను ముందు లాగేసి, మొండికేసిన చోట్లను చివరికి వదిలిపెడుతుంది. ఏది వచ్చింది, ఏది రాలేదు అన్నది పటంలా ఒక ఫైలులో రాసుకుంటూ పోతుంది. కాపీ ముగిసేసరికి డిస్క్ ఎక్కడెక్కడ చెడిందో ఆ పటమే చెబుతుంది, వేరే స్కాన్ అక్కర్లేదు.