మందుకు లొంగని పిడుదు

సంజవేళ గోదావరి లంకలనుండియు, కాలువగట్లనుండియు ఆవులు ఇల్లు చేరును. పాలు పితుకుటకు కూర్చున్న ఇల్లాలి చేతికి పొదుగు ప్రక్కను ఆముదపుగింజ వంటిది తగులును. అదియే పిడుదు. “నిరుడు ఈ మందు చల్లగానే రాలినవి; ఈ యేడు రాలవేమి? మందు కల్తీయా?” అని రైతు అడుగును. కల్తీ కావచ్చును. కాని, మందు మంచిదైనను పిడుదు మాఱియుండవచ్చును.

మన పశువుల నంటు పిడుదులలో ముఖ్యమైన జాతి యొకటి పశువుపై సుమారు మూడు వారములే యుండును. రక్తము త్రావి ఉబ్బిన ఆడుది నేలరాలి, వేలకొలది గ్రుడ్లు పెట్టి చచ్చును. పిల్లలు గడ్డికొనల కెక్కి పశువు రాకకై కాచుకొనును. చెమ్మ గల డెల్టా నేలలో వానికి ఎండిపోవు భయము తక్కువ.

ఆ వేలలో ఏ కొన్నియో పుట్టుకతోనే విషమును తట్టుకొనును. డెల్టామెత్రిన్ వంటి మందు పిడుదు నరములలోని సూక్ష్మద్వారములను పట్టి చంపును. ఆ ద్వారపు నిర్మాణము రవంత మాఱిన పిడుదును అది పట్టజాలదు. తక్కినవి చచ్చును, ఇవి మిగిలి సంతతిని పెంచును. మేలైన వడ్లను విత్తనమునకు ఏరి యుంచునట్లే, మనకు తెలియకయే మొండి పిడుదులను ఏరి పెంచుచున్నాము.

ఇది క్రొత్త కథ కాదు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండులో పశువులను పాషాణము కలిపిన నీటిలో ముంచెడివారు. 1930 దశకములో ఆ విషము వమ్మయ్యెను. పిదప వచ్చిన డి.డి.టి. 1950 దశకమునను, సేంద్రియ భాస్వరపు మందులు 1960 దశకమునను ఓడసాగెను. మన దేశమునను పలు రాష్ట్రములలో డెల్టామెత్రిన్‌కు లొంగని పిడుదులను పరిశోధకులు గుర్తించిరి.

అచ్చటివారు 1933లో అమెరికానుండి బ్రాహ్మన్ పశువులను తెచ్చుకొనిరి. ఆ జాతిలో మన ఒంగోలు రక్తము కలదు. మూపురపు జాతులు పిడుదుల నెదిరించుటలో మేటివి. పాలకై మనము పెంచు జెర్సీ సంకరములకు ఆ బలము తక్కువ. పిడుదులు మోసికొనివచ్చు థైలీరియా, ఎఱ్ఱమూత్రపు జ్వరముల ముప్పు వానికి ఎక్కువ. పాడియావు నేలకొరిగిన యింట నెల వెళ్లుట కష్టము.

కావున సీసాపై వ్రాసిన కొలతను తగ్గింపరాదు, పెంపరాదు. తోకక్రింద, పొదుగుచుట్టు, గంగడోలు ముడుతలు తడియవలెను. వరిచేని మందును పశువుపై చల్లరాదు. మందు పనిచేయనిచో పశువైద్యుని అడిగి వేఱు వర్గపు మందు వాడవలెను. డెల్టామెత్రిన్ మాని సైపర్‌మెత్రిన్ కొనుట పేరు మార్చుటయే. రెండును ఒకే వర్గము. మందు చల్లిన పిదప పాలు వాడరాని గడువును పాటింపవలెను. పాక గోడల పగుళ్లు పూడ్చవలెను. ఏరిన పిడుదులను నేలపై విసరక కిరసనాయిలులో వేయవలెను. సంతలో కొన్న పశువును పిడుదులు పోవువఱకు వేఱుగా కట్టవలెను.

లంకలో మేత అందఱిది, పిడుదులును అందఱివే. ఒక యింటి అరకొలత మందు ఊరందఱి ఆవులకు చేటు. పనిచేయు మందులు మనకు కొన్నియే యున్నవి. వానిని పొదుపుగా, తెలివిగా వాడుకొనుట ఊరంతయు కలిసి చేయవలసిన పని.