డిష్‌ తీగ వెంట పిడుగు ముప్పు

స్పైక్‌ బస్టర్‌ ఒక్కటే రక్ష కాదు.. ఎర్తింగ్‌ ఒక్కటిగా ఉంటేనే ఉపగ్రహ ఇంటర్నెట్‌ పరికరాలు పదిలం

వేసవి సాయంత్రాలలో ఈదురుగాలులతో మబ్బు కమ్ముకొచ్చిన ప్రతిసారీ పల్లెల్లో, ఏజెన్సీ గూడేల్లో ఎక్కడో ఒకచోట టీవీలు, సెట్‌టాప్‌ బాక్సులు, మోడెంలు కాలిపోవడం పరిపాటిగా మారింది. ‘స్పైక్‌ బస్టర్‌ పెట్టుకున్నాం కదా.. అయినా ఎందుకు పోయింది?’ అన్న ప్రశ్న మరమ్మతు దుకాణాలలో తరచూ వినిపిస్తుంటుంది. దీనికి సమాధానం గోడ మీది ప్లగ్గులో దొరకదు. డాబాపై నుంచి కిటికీ సందు గుండా ఇంట్లోకి దిగే నల్లని తీగను చూడాలి. కరెంటు వైపు తలుపు మూసి, డిష్‌ వైపు తలుపు బార్లా తెరిచి ఉంచిన ఇల్లు అది.

పిడుగుల బెడద తెలుగు నేలకు కొత్త కాదు. 2018 ఏప్రిల్‌ 24న ఆంధ్రప్రదేశ్‌లో కేవలం 13 గంటల వ్యవధిలో 36,749 పిడుగులు నమోదైనట్లు రాష్ట్ర విపత్తు నిర్వహణ యంత్రాంగం ప్రకటించింది. జాతీయ నేర గణాంక సంస్థ లెక్కల ప్రకారం 2022లో దేశవ్యాప్తంగా 2,887 మంది పిడుగుపాటుకు ప్రాణాలు కోల్పోయారు. ప్రాణనష్టంతో పోలిస్తే మోడెం కాలిపోవడం చిన్న విషయమే. అయితే ఇంట్లోని పరికరాన్ని కాల్చిన విద్యుత్తే ఆ సమయంలో దానిపై చేయి వేసిన మనిషిలోకీ ప్రవహించగలదన్న సంగతి మరువరాదు.

తీగలు చేరని చోటికి

ఫైబర్‌ తీగ చేరని కొండ గ్రామాలకు, సెల్‌ టవరు సిగ్నలు అందని లోయలకు ఉపగ్రహ ఇంటర్నెట్‌ ఆధారమవుతోంది. మారుమూల బ్యాంకు శాఖలు, ఏటీఎంలు వీశాట్‌ డిష్‌ల మీద పనిచేయడం చాలా ఏళ్లుగా ఉన్నదే. 2022 సెప్టెంబరులో ఇస్రో ఉపగ్రహాలు జీశాట్‌-11, జీశాట్‌-29ల ఆధారంగా అధిక సామర్థ్య బ్రాడ్‌బ్యాండ్‌ సేవలను హ్యూస్‌ కమ్యూనికేషన్స్‌ ఇండియా ప్రారంభించింది. 2025 జూన్‌లో స్టార్‌లింక్‌కు కేంద్ర టెలికాం శాఖ లైసెన్సు మంజూరు చేసింది. ఇంటి కప్పు మీద డిష్‌ల సంఖ్య పెరిగేకొద్దీ వాటి తీగల సంగతి కూడా పట్టించుకోక తప్పదు.

వీశాట్‌ డిష్‌కు, ఇంటిలోని మోడెంకు నడుమ ఉండేది కో-యాక్సియల్‌ కేబుల్‌. డీటీహెచ్‌ డిష్‌కు వాడేదీ ఇదే. మధ్యలో ఒక లోహపు తీగ, దాని చుట్టూ తెల్లని ప్లాస్టిక్‌ నురుగు, దానిపై పలుచని లోహపు రేకు, సన్నని తీగల అల్లిక, అన్నింటికీ పైన నల్లని తొడుగు.. ఇదీ దాని నిర్మాణం. దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఉపగ్రహం నుంచి వచ్చే అతి సూక్ష్మమైన సంకేతాన్ని డిష్‌ ముందున్న ఎల్‌ఎన్‌బీ అందుకుని, దాని పౌనఃపున్యాన్ని 950 నుంచి 2150 మెగాహెర్ట్జ్‌ల మధ్యకు తగ్గించి ఈ తీగలోకి పంపుతుంది. అదే తీగ గుండా కింది నుంచి పైకి డీసీ విద్యుత్తు కూడా వెళుతుంది. డీటీహెచ్‌ విషయంలో అది 13 లేక 18 వోల్టులు. ఇంటర్నెట్‌ డిష్‌ సంకేతాలను తిరిగి ఉపగ్రహానికి ప్రసారం కూడా చేయాలి కనుక దానికి మరికాస్త ఎక్కువ శక్తి కావాలి.

ఇక్కడే చిక్కు ఉంది. ఆకాశం కేసి తెరుచుకున్న లోహపు పళ్లేన్ని ఇంటి లోపలి సున్నితమైన చిప్పుతో నేరుగా కలిపే లోహపు దారి ఇది. పిడుగు డిష్‌ మీదే పడనవసరం లేదు. సగటు పిడుగులో ప్రవహించే విద్యుత్తు 30 వేల ఆంపియర్ల స్థాయిలో ఉంటుంది. కొన్ని వందల మీటర్ల దూరంలో కొబ్బరి చెట్టు మీద పడినా, ఆ ప్రవాహం సృష్టించే అయస్కాంత క్షేత్రం వల్ల పొడవాటి తీగలలో క్షణంలో వేయోవంతు కన్నా తక్కువ కాలం వోల్టేజీ ఉప్పెనలా లేస్తుంది. కొద్ది వోల్టులతో పనిచేసే చిప్పు కాలిపోవడానికి అంత మాత్రం చాలు.

రెండు ఎర్త్‌లు.. ఒక ప్రమాదం

డిష్‌ అమర్చేవారిలో శ్రద్ధ ఉన్నవారు దాని కాలికి ఒక తీగ చుట్టి, పెరట్లో చిన్న ఇనుప కడ్డీ పాతి కలుపుతారు. ఇంటి యజమాని నిశ్చింతగా ఉంటాడు. నిజానికి ఇది సగం పని మాత్రమే. ఒక్కోసారి ఏమీ చేయకపోవడం కన్నా ప్రమాదకరం కూడా.

కారణం చూద్దాం. ఆ కడ్డీకి, నేలకు మధ్య నిరోధం 10 ఓములు ఉన్నదనుకుందాం. మన ఎర్ర నేలల్లో, రాతి నేలల్లో ఇది మెరుగైన ఎర్త్‌ కిందే లెక్క. పిడుగులో ఒక చిన్న వాటా, అంటే వెయ్యి ఆంపియర్లు మాత్రమే ఆ కడ్డీ గుండా నేలలోకి దిగినా అక్కడ 10 వేల వోల్టులు ఏర్పడతాయి. అదే సమయంలో మీటరు బోర్డు వద్ద ఉన్న ఇంటి ఎర్త్‌ దాదాపు సున్నా వద్దే ఉంటుంది. నీరు ఎగువ చెరువు నుంచి దిగువ చెరువుకు పారినట్లే, ఆ 10 వేల వోల్టులు ఇంటి ఎర్త్‌ను వెదుక్కుంటూ కో-యాక్సియల్‌ తీగ అల్లిక గుండా మోడెంలోకి, అందులో నుంచి కరెంటు తీగల్లోకి పరుగు తీస్తాయి. మధ్యలో ఉన్న మోడెం కాలువ గట్టులా తెగిపోతుంది. దానికి కలిపిన కంప్యూటరు, టీవీ కూడా అదే దారి పడతాయి.

కనుక పాటించవలసిన సూత్రం ఒక్కటే. డిష్‌కు, తీగకు, కరెంటుకు ఎర్త్‌ ఒకటిగా ఉండాలి. అప్పుడు పిడుగు ధాటికి వోల్టేజీ లేచినా అన్నీ కలిసి లేస్తాయి. వాటి మధ్య తేడా తక్కువగా ఉన్నప్పుడు పరికరం గుండా ప్రవాహమూ తక్కువే. తీగ ఇంట్లోకి ప్రవేశించే చోటనే గ్రౌండ్‌ బ్లాక్‌ అనే చిన్న లోహపు ముక్కను అమర్చి, అక్కడి నుంచి మీటరు బోర్డు వద్ద ఉన్న ఇంటి ఎర్త్‌కు వీలైనంత పొట్టిగా, మెలికలు లేకుండా రాగి తీగ వేయాలి. తీగ ఎంత పొడవైతే రక్షణ అంత తగ్గుతుంది. డిష్‌కు విడిగా కడ్డీ పాతితే, దానినీ ఇంటి ఎర్త్‌నూ తప్పనిసరిగా కలపాలి.

ఉపగ్రహ డిష్‌లు విస్తారంగా ఉన్న అమెరికాలో జాతీయ విద్యుత్తు నియమావళి 810వ అధికరణం ఈ విషయాన్ని స్పష్టంగా నిర్దేశిస్తోంది. ఎర్త్‌ తీగ రాగిదైతే అక్కడి కొలతలో కనీసం 10 గేజి, రెండు ఎర్త్‌లను కలిపే తీగ 6 గేజి ఉండాలి. మన దుకాణాల్లో దొరికే కొలతల్లో చెప్పాలంటే వరుసగా 6, 16 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగలు అడిగితే సరిపోతుంది. మన దేశంలో ఎర్తింగ్‌కు భారతీయ ప్రమాణం ఐఎస్‌ 3043, పిడుగు రక్షణకు ఐఎస్‌/ఐఈసీ 62305 ఉన్నాయి.

అసలు ఇంటికి ఎర్త్‌ ఉన్నదా అన్నది అంతకన్నా ముందు తేల్చుకోవలసిన ప్రశ్న. ఇల్లు కట్టిన నాడు బొగ్గు, ఉప్పు వేసి పాతిన పైపును ఆ తరువాత ఎవరూ పట్టించుకోరు. నేల ఎండిపోయే వేసవిలోనే ఎర్త్‌ బలహీనపడుతుంది, పిడుగులూ అప్పుడే ఎక్కువ. మార్చి నుంచి ఎర్త్‌ గొయ్యిలో నీరు పోస్తూ ఉండడం, తుప్పు పట్టిన బిగింపులను మార్చడం పెద్ద ఖర్చు కాదు. ఎర్త్‌ పనిచేస్తున్నదీ లేనిదీ ఎలక్ట్రీషియన్‌ చేత పరీక్ష చేయించాలి. ఇది ఇంటివారు స్వయంగా చేయదగిన పని కాదు.

స్పైక్‌ బస్టర్‌లో ఏముంది?

బజారులో స్పైక్‌ బస్టర్‌ పేరిట అమ్మే వాటిలో కొన్ని వట్టి ఎక్స్‌టెన్షన్‌ బోర్డులు. నాలుగు సాకెట్లు, ఒక ఎర్ర దీపం తప్ప లోపల ఏమీ ఉండదు. నిజమైన సర్జ్‌ ప్రొటెక్టర్‌లో జింకు ఆక్సైడుతో చేసిన బిళ్లలు ఉంటాయి. వీటిని ఎంఓవీలు అంటారు. మామూలు 230 వోల్టుల వద్ద ఇవి నిద్రలో ఉన్నట్లు ఉండి, ఉప్పెన రాగానే మేలుకుని దానిని ఎర్త్‌కు మళ్లిస్తాయి. ఎర్తే లేకపోతే ఎటు మళ్లిస్తాయి? మూడు పిన్నుల ప్లగ్గులో పెద్ద పిన్నును విరగ్గొట్టి రెండు రంధ్రాల సాకెట్‌లో దూర్చే ఇళ్లలో ఎంత ఖరీదైన ప్రొటెక్టర్‌ అయినా అలంకారమే.

ఈ బిళ్లలు తగిలిన ప్రతి దెబ్బకూ కొంత అరిగిపోతాయి. రక్షణ దీపం ఉన్న రకాన్ని కొని, అది ఆరిపోయిన నాడు మార్చివేయాలి. సాకెట్లలో కరెంటు వస్తూనే ఉంటుంది కనుక రక్షణ పోయిన సంగతి చాలామంది గమనించరు.

మరో అపోహ కూడా ఉంది. స్తంభం మీద న్యూట్రల్‌ తీగ తెగినప్పుడు ఇంట్లోకి 300 వోల్టులకు పైగా వచ్చే ప్రమాదం ఉంది. దీనిని సర్జ్‌ ప్రొటెక్టర్‌ ఆపలేదు. అది క్షణకాలపు ఉప్పెనకు ఉద్దేశించినది, నిమిషాల తరబడి నిలిచే అధిక వోల్టేజీకి కాదు. అటువంటప్పుడు బిళ్లలు వేడెక్కి పొగలు కక్కి, నాసిరకం పెట్టె అయితే మంటలు లేచే అవకాశమూ ఉంది. హై వోల్టేజీలో తనంతట తాను కరెంటు తెంచే కటాఫ్‌ పరికరం దీనికి వేరుగా కావాలి. సర్జ్‌ ప్రొటెక్టర్‌ను తెరల వెనుక, పరుపుల పక్కన ఉంచరాదు.

కేబుల్‌ రంధ్రం ఉంటే చాలదు

కొన్ని ప్రొటెక్టర్‌లకు కో-యాక్సియల్‌ తీగ బిగించుకునే రంధ్రాలు కూడా ఉంటాయి. కరెంటుకు, తీగకు ఒకే పెట్టెలో, ఒకే ఎర్త్‌తో రక్షణ లభిస్తుంది కనుక ఆలోచన మంచిదే. అయితే వీటిలో అనేకం కేబుల్‌ టీవీ కోసం తయారైనవి. వాటి పరిధి సుమారు 1000 మెగాహెర్ట్జ్‌తో ముగిసిపోతుంది. ఉపగ్రహ సంకేతాలు దాదాపు అక్కడే మొదలవుతాయి. పైగా కొన్ని డీసీ విద్యుత్తును పైకి పోనివ్వవు. ఫలితంగా మోడెంకు సిగ్నలు అందదు, డిష్‌ పని చేయదు. డిష్‌ పాడైందనుకుని కొత్తది కొనేవారూ లేకపోలేదు. ప్రొటెక్టర్‌ను తప్పించి తీగను నేరుగా మోడెంకు బిగించి చూస్తే దోషం ఎక్కడో ఇట్టే తెలిసిపోతుంది.

ఉపగ్రహానికి తగిన రకం మీద 2150 మెగాహెర్ట్జ్‌ లేక అంతకు మించిన పరిధి, ‘డీసీ పాస్‌’ అన్న మాట ముద్రించి ఉంటాయి. వీటి లోపల వాయువు నింపిన చిన్న గొట్టం ఉంటుంది. ఉప్పెన వచ్చినప్పుడు అందులో నిప్పురవ్వ పుట్టి విద్యుత్తును ఎర్త్‌కు దింపుతుంది. దీనిని తీగ ఇంట్లోకి వచ్చే చోట, గ్రౌండ్‌ బ్లాక్‌ స్థానంలోనే అమర్చుకోవచ్చు. సేవలందించే సంస్థ అనుమతించే రకం ఏదో కనుక్కున్నాకే కొనడం మేలు. స్టార్‌లింక్‌ వంటి వాటిలో కో-యాక్సియల్‌కు బదులు సమాచారాన్ని, విద్యుత్తును కలిపి మోసే నెట్‌వర్కు తీగ ఉంటుంది. పరికరం వేరైనా ఎర్త్‌ సూత్రంలో మార్పు లేదు.

తీగ నాణ్యత మాటకొస్తే, సన్నని ఆర్‌జీ-59 కేబుల్‌ టీవీకి సరిపోయినా ఉపగ్రహానికి పనికిరాదు. ఆర్‌జీ-6 వాడాలి. అందులోనూ చవక రకంలో మధ్య తీగ ఇనుమే, పైన రాగి పూత మాత్రం ఉంటుంది. పొట్టి దూరానికి ఫర్వాలేదు. అయితే అచ్చమైన రాగి తీగతో పోలిస్తే దాని నిరోధం సుమారు నాలుగు రెట్లు కనుక, దూరం పెరిగితే డిష్‌కు చేరే విద్యుత్తు తగ్గిపోతుంది. రెండు వేల మెగాహెర్ట్జ్‌ వద్ద 30 మీటర్ల ఆర్‌జీ-6 తీగలో సంకేతం పదో వంతుకు పడిపోతుంది. డిష్‌ను వీలైనంత దగ్గరగా పెట్టించుకోవడం, మధ్యలో అతుకులు లేకుండా చూడడం అందుకే అవసరం. మామూలు ఇన్సులేషన్‌ టేపు ఒక్క వేసవికే ఊడిపోతుంది. ఆరుబయటి బిగింపులకు రబ్బరు తొడుగు వేయించాలి. తీగ గోడలోకి ప్రవేశించే ముందు కొంత కిందికి వేలాడేలా వదిలితే వాన నీరు అక్కడే జారిపోతుంది.

వానలో డాబా ఎక్కరాదు

భారీ వర్షం కురిసినప్పుడు డిష్‌ సిగ్నలు పోవడం సహజం. వాన చినుకులు ఆ తరంగాలను పీల్చివేస్తాయి. వాన తెరిపినివ్వగానే సిగ్నలు తనంతట తానే వస్తుంది. ఇది తెలియక ఉరుముల మధ్య డాబా ఎక్కి డిష్‌ను అటూ ఇటూ తిప్పేవారిని ఆపవలసిన బాధ్యత ఇంట్లోని ప్రతి ఒక్కరిదీ. ఆ సమయంలో ఆ చుట్టుపక్కల అన్నిటికన్నా ఎత్తున నిలిచి లోహాన్ని పట్టుకున్నది ఆ మనిషే.

ఇన్ని ఏర్పాట్లు చేసినా డిష్‌ మీదే నేరుగా పడిన పిడుగును ఏ పెట్టే ఆపలేదు. కరెంటు ప్లగ్గును, కో-యాక్సియల్‌ తీగను రెండింటినీ పీకి ఉంచడం ఒక్కటే అప్పుడు పరికరాన్ని కాపాడుతుంది. స్విచ్‌ ఆపితే చాలదు. స్విచ్‌లోని ఖాళీ మిల్లీమీటర్లలోనే ఉంటుంది, పిడుగుకు అది అడ్డే కాదు. అయితే ఆ పని ఉరుము వినిపించక ముందే ముగించాలి. మెరుపులు మొదలయ్యాక తీగను తాకరాదు. పుణెలోని భారత ఉష్ణమండల వాతావరణ సంస్థ రూపొందించిన ‘దామిని’ యాప్‌ సమీపంలోని పిడుగుల సమాచారాన్ని ముందుగా ఫోనుకు పంపుతుంది. ఊరు వెళ్లేటప్పుడు ప్లగ్గులు, తీగలు పీకి వెళ్లడం ఉత్తమం.

పరికరం ఒకసారి కాలిపోయాక వెంటనే కొత్తది తెచ్చి పాత తీగకే తగిలించడం మరో నష్టానికి దారితీయవచ్చు. ఎల్‌ఎన్‌బీ లోపల షార్ట్‌ అయి ఉంటే అది కొత్త మోడెంను సైతం దెబ్బతీయగలదు. తీగ, ఎల్‌ఎన్‌బీ, గ్రౌండ్‌ బ్లాక్‌ బిగింపులు, స్పైక్‌ బస్టర్‌ దీపం, ఎర్త్‌.. వీటన్నింటినీ పరీక్షించాకే కొత్త పరికరాన్ని బిగించమని టెక్నీషియన్‌ను అడగాలి.