ఇల్లు విడిచిన పిల్లలు: వెతికేదెలా? తిరిగొచ్చాక చేయవలసిందేమిటి?

విశాఖ వెళ్ళే ప్యాసింజరు అరకు స్టేషనులో ఆగింది. చేతిసంచీ తప్ప మరేమీ లేని పద్నాలుగేళ్ళ పిల్లవాడొకడు ఎక్కాడనుకుందాం. బొర్రా దాటి, సొరంగాలు దాటి, సుమారు నాలుగు గంటల్లో విశాఖలో దిగుతాడు. అక్కడి నుంచి చెన్నైకి, హౌరాకు బండ్లున్నాయి. ఇక్కడ ఆశ్రమ పాఠశాలలో వార్డెను, ‘పిల్లవాడు ఇంటికి వెళ్ళి ఉంటాడు’ అనుకుంటారు. కొండమీది ఊళ్ళో తల్లి, ‘బడిలోనే ఉన్నాడు’ అనుకుంటుంది. ఈ రెండు అనుకోవడాల మధ్య బిడ్డ జారిపోతాడు!

ఇది వైద్య శీర్షికలో రాయవలసిన విషయమా అని మీరడగవచ్చు. తప్పకుండా రాయవలసిందే. జ్వరం ఎలా లోపలి జబ్బుకు గుర్తో, పిల్లలు ఇల్లు విడవడం కూడా అలాగే లోపలి బాధకు గుర్తు. దెబ్బలు, పరీక్ష తప్పుతానన్న భయం, ఇంట్లో తాగుడు, ఇష్టంలేని పెళ్ళి మాటలు, పని ఇప్పిస్తానన్న బ్రోకరు తీపి మాటలు... కారణం ఏదైనా కావచ్చు. ఇంట్లో కువి, ఆదివాసీ ఒడియా మాట్లాడే బిడ్డకు తెలుగు బడిలో తన కష్టం చెప్పుకోవడానికి మాటే దొరకకపోవచ్చు.

మొదటి గంటలు

‘పరువు పోతుంది, రేపు చూద్దాం’ అనుకోకండి. 24 గంటలు ఆగాలన్న నియమం ఏదీ లేదు. కనిపించని పిల్లల విషయంలో కేసు నమోదు చేయాలని 2013లో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఏ పోలీసు స్టేషనులోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చు. 112కు గాని, పిల్లల సహాయ నంబరు 1098కి గాని ఫోను చేయండి. డబ్బు ఖర్చు కాదు. రైలెక్కి ఉంటాడని అనుమానముంటే 139కి చెప్పండి. ఇటీవలి ఫొటో, వేసుకున్న బట్టలు, ఒంటిమీది గుర్తులు, మాట్లాడే భాష, వాడే మందులు తప్పక చెప్పాలి. విశాఖ వైపే కాదు, కొరాపుట్, జగదల్‌పూర్ వైపు కూడా వెతకమనండి. అదే లైను అటూ పోతుంది.

స్టేషన్లలో దొరికిన పిల్లలను 24 గంటల్లోగా బాలల సంక్షేమ కమిటీ ముందు హాజరుపరచాలి. తల్లిదండ్రులు ఆధార్, రేషన్ కార్డు, ఫొటో పట్టుకుని వెళ్ళాలి. ఇంట్లో ప్రమాదముందని బిడ్డ చెబితే కమిటీ ఆ మాటా వింటుంది.

తిరిగొచ్చిన రాత్రి

ఆ రాత్రి ప్రశ్నలు వద్దు, దెబ్బలు అసలే వద్దు. ‘వచ్చావా బాబూ, ముందు అంబలి తాగు’ అనండి చాలు. కడుపునిండా తిండి, కంటినిండా నిద్ర మొదటి మందులు.

మర్నాడు ఆస్పత్రికి తీసుకువెళ్ళండి. జ్వరముంటే మలేరియాకు రక్తపరీక్ష చేయించాలి. గాయాలుంటే ధనుర్వాతం ఇంజెక్షను అడగండి. గజ్జి ఉంటే ఇంటిల్లిపాదీ మందు రాసుకోవాలి. ఏజెన్సీలో సికిల్‌సెల్ జబ్బు ఎక్కువ. ఆ జబ్బున్న బిడ్డ మందులు మానేసి, నీళ్ళు లేక, చలిలో తిరిగితే ఒళ్ళంతా భరించలేని నొప్పులు రావచ్చు. అప్పుడు తెల్లవారేదాకా ఆగకుండా 108 పిలవండి.

అత్యాచారం జరిగిందని బిడ్డ చెప్పినా, అనుమానం కలిగినా ఒక్క గంట కూడా ఆలస్యం చేయకండి. వీలైతే స్నానం చేయించకుండా, బట్టలు ఉతకకుండా తీసుకువెళ్ళండి. గర్భం రాకుండా, హెచ్.ఐ.వి. సోకకుండా ఇచ్చే మందులు 72 గంటల్లోపు మొదలుపెట్టాలి. ఎంత త్వరగా ఇస్తే అంత మంచిది. ఈ చికిత్స ప్రభుత్వ ఆస్పత్రిలోనైనా, ప్రైవేటు ఆస్పత్రిలోనైనా ఉచితం.

ఇష్టపడి వెళ్ళిన జంటలు

ఏజెన్సీలోని కొన్ని తెగల్లో ఇష్టపడిన జంట వెళ్ళిపోవడం, తర్వాత పెద్దలు కూర్చుని పెళ్ళి కుదర్చడం ఆచారమే. ఆచారాన్ని తప్పుపట్టడం నా పని కాదు. కాని పదహారేళ్ళ పిల్లకు గర్భమంటే రక్తహీనత, కష్టకాన్పు, బరువు తక్కువ బిడ్డ. 18 నిండకుండా కలిస్తే, ఇష్టమున్నా పోక్సో చట్టం ప్రకారం నేరమే. వైద్యుడు పోలీసులకు తెలియజేయక తప్పదు. ఆ భయంతో గర్భిణిని ఇంట్లో దాచడం మాత్రం ప్రాణాలతో చెలగాటం! వైద్యం నిరాకరించే హక్కు ఎవరికీ లేదు.

మళ్ళీ వెళ్ళకుండా

నాలుగైదు రోజులు గడిచాక, పనిచేసుకుంటూ పక్కన కూర్చుని అడగండి. ‘ఎందుకు పోయావు?’ అనకండి. ‘నీకు అక్కడ ఏం కష్టమైంది?’ అనండి. నిద్ర లేకపోవడం, ఎవరితోనూ మాట్లాడకపోవడం, చావు మాటలు కనిపిస్తే 14416 నంబరుకు ఫోను చేయండి. ‘టెలిమానస్’ సలహాదారులు తెలుగులో మాట్లాడతారు. వార్డెనుతో ఒక ఒప్పందం చేసుకోండి: బిడ్డ కనిపించకపోతే ఆ సాయంత్రమే మీకు కబురు రావాలి, ఇంటికొస్తే ఆ రాత్రే మీరు కబురు పంపాలి.

వెళ్ళిపోవాలనుకుంటున్న పిల్లలకు ఒక్క మాట. మీ బాధ నిజమైనదే. రైలెక్కే ముందు 1098కి మీరే ఫోను చేయవచ్చు. ఇప్పటికే వెళ్ళిపోయినా చేయవచ్చు.

తల్లిదండ్రులకూ ఒక మాట. బిడ్డ తిరిగొచ్చిందంటే మీమీద ఇంకా నమ్మకం మిగిలి ఉందన్నమాట. ఆ నమ్మకాన్ని గుమ్మంలోనే కొట్టి చంపకండి.