చెమ్మ గోడలు – బూజు మందులు

వానలు పట్టాయంటే మన ఇంటిపనిలో ఇంకో పని చేరుతుంది. బీరువా తెరిస్తే ముక్కిన వాసన. పట్టుచీర మడత మీద తెల్లటి మచ్చలు. మంచం జరిపి చూస్తే వెనక గోడ మీద నల్లచుక్కలు. "అబ్బ, మళ్ళీ బూజు పట్టిందే!" అనుకుని, చేతికందిన మందేదో తెచ్చి చల్లేస్తాం. చిక్కంతా ఆ చల్లడంలోనే ఉంది. ఈవేళ ఆ సంగతే మాట్లాడుకుందాం.

బూజు అనే మాట మనం రెంటికీ వాడతాం. గది మూలల్లో వేలాడే సాలెపురుగు బూజు కర్రతో దులిపితే పోతుంది. నేను చెప్పేది తోలుచెప్పులకీ, ఆవకాయకీ, గోడకీ పట్టే బూజు. దీనికి ప్రాణముంది. పుట్టగొడుగుల జాతిది. శాస్త్రజ్ఞులు శిలీంద్రం అంటారు. కంటికి కనపడని దీని విత్తులు గాలిలో ఎప్పుడూ తిరుగుతూనే ఉంటాయి. ఇల్లు అద్దంలా ఉంచుకున్నా సరే, ఉంటాయి. వాటికి తిండి దుమ్ము, కర్ర, అట్ట, బట్ట, గోడ రంగు. అవన్నీ మన ఇంట్లో ఉన్నవే కదా! కావలసిందల్లా తడి. అది దొరికిందా, ఒకటి రెండు రోజుల్లోనే మొలకెత్తుతాయి.

దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ వైపు వాళ్ళకి ఇది ఒకరు చెప్పనక్కర్లేదు. 2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన కుండపోతకి సరూర్‌నగర్ చెరువు పొంగి, కోదండరాంనగర్ వంటి కాలనీల్లో నీళ్ళు ఇళ్ళలోకి వచ్చాయి. అటువంటప్పుడు నీళ్ళు తోడేసి, నేల కడుక్కుని, పని అయిపోయిందనుకుంటాం. కాని ఇటుక గోడ స్పంజి వంటిది. తాగిన నీటిని నెలల తరబడి వదలదు. అది ఆరకుండా రంగు వేయిస్తే, ఆ రంగు పొక్కి, పెచ్చులూడి, నల్లచుక్కలు మళ్ళీ పైకి వస్తాయి. అంటే డబ్బూ పోయె, బూజూ పోకపోయె!

వరదే రానక్కర్లేదు. పైవాళ్ళ స్నానాలగది గొట్టం కారడం, డాబా మీద నీరు నిలవడం, కిటికీలు మూసి గదిలోనే బట్టలు ఆరేయడం, ఇవన్నీ గోడకి నీళ్ళు పోయడమే. చెమ్మ ఎక్కడిదో తెలుసుకోడానికి ఒక చిన్న ఉపాయం ఉంది. మూరెడు ప్లాస్టిక్ కాగితాన్ని గోడకి ఆనించి, నాలుగు అంచులూ టేపుతో అంటించి, ఒక రోజు ఉంచండి. కాగితం పైన తడి కనపడితే గదిలో గాలి ఆడటం లేదన్నమాట. కాగితం వెనక తడి ఉంటే గోడలోంచి నీరు ఊరుతోందన్నమాట. మొదటిదానికి కిటికీలు తీయడం, స్నానాలగదికీ వంటింటికీ గాలి లాగే ఫ్యాను పెట్టించడం చాలు. రెండోదానికి ప్లంబరునో, మేస్త్రీనో పిలవాలి. అద్దె ఇల్లయితే ఇంటివారికి ఆ తడి చూపించి, రంగు కాదు, ముందు గొట్టం బాగుచేయించమని అడగండి.

ఇక శుభ్రం చేయడం. మచ్చ మూడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు లోపైతే మనమే చేసుకోవచ్చు. అంతకు మించితే తెలిసినవాళ్ళ చేత చేయించడం మేలు. ఇంట్లో ఉబ్బసం ఉన్నవాళ్ళనీ, పసిపిల్లల్నీ వేరే గదిలోకి పంపండి. ముక్కుకి ఎన్95 మాస్కు, చేతులకి రబ్బరు తొడుగులు, కిటికీలు బార్లా తెరవడం తప్పనిసరి. పొడి బ్రష్షుతో గీకకండి, విత్తులన్నీ ఇల్లంతా పరుచుకుంటాయి. సబ్బుపొడి నీళ్ళలో ముంచిన గుడ్డతో తుడిచి, ఆరబెట్టండి. చాలా మచ్చలకి ఇదే సరిపోతుంది. లోపలిదాకా బూజు పట్టిన పరుపుని, అట్టపెట్టెలని దాచుకోవద్దు.

పలకల మీద, గచ్చు మీద మొండి మచ్చలుంటే బట్టలకి వాడే ద్రవం బ్లీచిని లీటరు నీళ్ళకి 60 మిల్లీలీటర్లు మించకుండా కలిపి, పూసి, పది నిమిషాలాగి కడిగేయండి. బ్లీచిలో మరేదీ కలపకూడదు. మా వీధిలో ఒకావిడ బ్లీచింగు పౌడరు చల్లిన స్నానాలగదిలో, ఇంకా తెల్లబడాలని యాసిడ్ కూడా పోసింది. తలుపు వేసి ఉంది. నిమిషంలో క్లోరిన్ గాలి లేచి, ఊపిరాడక, దగ్గుతూ బయటకి వచ్చి కూలబడింది. ఇంకో రెండు నిమిషాలుంటే ఏమయ్యేదో! అసలు యాసిడ్ బూజు మందే కాదు, గోడలో సున్నాన్ని తినేస్తుంది. గుర్తింపు కార్డు చూపకుండా, పేరు రాసుకోకుండా దాన్ని చిల్లరగా అమ్మకూడదని 2013లో సుప్రీంకోర్టు ఆజ్ఞ కూడా ఉంది.

కొందరు ఎరువుల కొట్లో పైర్ల తెగుళ్ళ మందు తెచ్చి గోడకి కొడుతుంటారు. అది తప్పు. 1968లో వచ్చిన పురుగుమందుల చట్టం శిలీంద్రాలని చంపే మందుల్ని కూడా ఆ లెక్కలోనే కట్టింది. ఏ మందు దేనికి రిజిస్టరయితే దానికే వాడాలి. పొలానికని ఇచ్చిన మందు పడకగదికి కాదు. డబ్బా మీద రంగు గుర్తు చూడండి: ఎరుపు అన్నిటికన్నా విషం, తర్వాత పసుపు, ఆ తర్వాత నీలం, చివరికి ఆకుపచ్చ. ఆకుపచ్చ అంటే విషం తక్కువని గాని, లేదని కాదు. మందు కొట్టే కంపెనీవాళ్ళు వస్తే లైసెన్సు చూపమనండి. మొహమాటపడకండి.

పాత రంగు గీకవలసివస్తే తడిపి గీకండి. ఇళ్ళ రంగుల్లో సీసం పది లక్షల వంతుల్లో 90 వంతులు మించరాదన్న నిబంధన 2017 నవంబరులోనే అమలుకి వచ్చింది. అంతకు ముందు రంగుల్లో ఎక్కువ ఉండవచ్చు. ఆ పొడి పిల్లలకి మంచిది కాదు.

ఇంకో భయం కూడా ఉంది. 2021 మే నెలలో "బ్లాక్ ఫంగస్" వచ్చి, కోఠి ఇ.ఎన్.టి. ఆస్పత్రిని దానికి ముఖ్యకేంద్రం చేసినప్పటినుంచీ, గోడ మీద నల్లమచ్చ చూస్తే చాలామందికి గుండె ఝల్లుమంటోంది. ఆ జబ్బు ముఖ్యంగా అదుపులో లేని మధుమేహం ఉన్నవాళ్ళకీ, స్టెరాయిడ్లు ఎక్కువగా వాడినవాళ్ళకీ వచ్చింది. చచ్చుబడిన కండ నల్లబడటం వల్ల దానికా పేరు, గోడ మీద మచ్చ వల్ల కాదు. అయినా అటువంటి జబ్బులున్నవాళ్ళు బూజు దులిపే పని పెట్టుకోకూడదు.

ఇంట్లో ఇంత బూజు ఉండవచ్చు, ఇంత ఉండకూడదు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో లెక్కేమీ కట్టలేదు. చెమ్మే లేకుండా చూసుకోండి అన్నది. మన పెద్దవాళ్ళు పండక్కి వేయించే సున్నం సరిగ్గా ఆ పనే చేసేది. సున్నం ఘాటుకి బూజు తొందరగా పట్టదు. గోడ లోపలి తడి కూడా బయటకి పోతుంది. కంట్లో పడకుండా మాత్రం చూసుకోవాలి.

కనక ఈసారి నల్లచుక్క కనపడగానే మందుల కొట్టుకి పరుగెత్తకండి. ఆ గోడ మీద చెయ్యి పెట్టి చూడండి. నీళ్ళెక్కడినుంచి వస్తున్నాయో కనిపెట్టి ఆపండి. తడి పోతే బూజు దానంతటదే కట్టుబడుతుంది. మన పిల్లలు పీల్చే గాలిలోకి ఏ విషమూ పోయనక్కర్లేదు.