పై-హోల్ రిపోర్ట్‌లో కావాల్సిన డొమైన్లే చూడటం ఎలా?

మా టీవీ రాత్రిళ్లు ఏ డొమైన్లను అడుగుతోందో చూద్దామని పై-హోల్ డేటాబేస్ ఓపెన్ చేశాను. అది ఎస్‌క్యూలైట్ ఫైల్. 'వేర్'లో టీవీ ఐపీ అడ్రస్ ఇచ్చి, 'గ్రూప్ బై'తో డొమైన్ల వారీగా లెక్కపెడితే పెద్ద లిస్ట్ కాస్తా చిన్నదైపోయింది. టైమ్ 1970 జనవరి 1 నుంచి సెకన్లలో ఉంటుంది కాబట్టి, గత 24 గంటలకు ఇప్పటి టైమ్ నుంచి 86,400 తీసేయాలి.

ఇక నేను చేసిన తప్పు. 'లైక్'లో రెండు వైపులా పర్సెంట్ గుర్తు పెట్టి ఏ-డీ-ఎస్ అక్షరాలు వెతికాను. 'డౌన్‌లోడ్స్' చివర్లోనూ అవే అక్షరాలు ఉన్నాయి కదా! వచ్చినవన్నీ బ్లాక్ చేసేసరికి, పరీక్ష ముందు రోజు మా పాపకు క్లాస్ నోట్స్ డౌన్‌లోడ్ కాలేదు.

అందుకే ఆ అక్షరాలు పేరు మొదట్లో అయితే తర్వాత చుక్క, మధ్యలో అయితే రెండు వైపులా చుక్క పెట్టండి. లిస్ట్ మొత్తం చదివాకే బ్లాక్ చేయండి.