నర్సు పేరు ఢిల్లీ దాకా ఎలా వెళుతుంది?

రిపబ్లిక్ డే వచ్చిందంటే పేపర్లో పద్మ అవార్డుల జాబితా వస్తుంది. ఆ పేపరు చేతిలో పట్టుకుని మా వార్డులో ఎవరో ఒకరు అడగనే అడుగుతారు: "సిస్టరమ్మా, ఇందులో డాక్టర్లున్నారు, పాటలు పాడేవాళ్ళున్నారు, సినిమావాళ్ళున్నారు. నర్సులు కనబడరేంటి?" అని. అడిగినవారికి ఆ పూట నవ్వి ఊరుకుంటాము. ఇంజెక్షన్ ట్రే చేతిలో ఉండగా అంత పెద్ద సంగతి చెప్పలేము కదా. అందుకని ఈ సంచికలో రాస్తున్నాము.

ప్రభుత్వం సేవను గుర్తించి పతకం ఇవ్వడం మన దేశంలో స్వాతంత్ర్యం తరువాత మొదలైనది కాదు. 1900వ సంవత్సరంలో విక్టోరియా రాణి కైజర్-ఇ-హింద్ అనే పతకాన్ని ఏర్పాటు చేసింది. యుద్ధంలో గెలిచినవారికి కాదు, ఈ దేశ ప్రజలకు మేలు చేసినవారికి ఇవ్వాలని దాని ఉద్దేశ్యం. జాతి, వృత్తి, హోదా, స్త్రీ పురుష భేదం చూడకుండా ఇవ్వాలని దాని నియమంలోనే రాశారు. ఆ రోజుల్లో ఆడవారికి దొరికే ప్రభుత్వ గౌరవాలు బహు కొద్ది. కనుక మిషన్ ఆసుపత్రులలో పనిచేసే స్త్రీలకు ఈ పతకం తరచుగా వచ్చేది.

మన తెలుగువారికి దగ్గర ఉదాహరణ గుంటూరులోనే ఉంది. డాక్టర్ అన్నా కుగ్లర్ గారు అమెరికాలోని పెన్సిల్వేనియాలో పుట్టి, 1883లో గుంటూరు వచ్చారు. చదివింది వైద్యమే అయినా మొదట ఆమెను డాక్టరుగా పంపలేదు. ఇళ్ళలో ఘోషా స్త్రీలకు చదువు చెప్పే పనికి పంపారు. ఆ ఇళ్ళకు వెళ్ళినప్పుడే పురిటి కష్టాలు, పసిబిడ్డల జ్వరాలు కళ్ళారా చూసి వైద్యం మొదలుపెట్టారు. 1898లో ఆసుపత్రి తెరిచారు. ఇప్పటికీ గుంటూరు ప్రజలు దాన్ని కుగ్లర్ ఆసుపత్రి అనే అంటారు. ఆమెకు 1905లో ఒకసారి, 1917లో మరోసారి కైజర్-ఇ-హింద్ గౌరవం లభించింది. 1930లో గుంటూరులోనే కన్నుమూశారు.

అదే పతకం 1915లో గాంధీగారికి కూడా ఇచ్చారు. దక్షిణాఫ్రికాలో చేసిన సేవలకు ఇచ్చిన పతకం అది. అక్కడ రెండు యుద్ధాలలో ఆయన గాయపడినవారిని స్ట్రెచర్ల మీద మోసే దళాలలో పనిచేశారు. అంటే ఒక విధంగా మా వృత్తివారే! 1920 ఆగస్టులో ఆ పతకాన్ని, దానితోపాటు ఆ రెండు యుద్ధాల పతకాలను కూడా వైస్రాయికి తిరిగి పంపేశారు. జలియన్‌వాలా బాగ్ జరిగాక ఆ ప్రభుత్వం ఇచ్చిన పతకం ఆయన దగ్గర ఉంచుకోలేకపోయారు. తిరునెల్వేలి దగ్గర దోనావూరులో అనాథ పిల్లలను పెంచిన ఎమీ కార్మైకేల్ గారికి 1919లో ఇస్తామంటే ఆమె వద్దని బ్రతిమాలి, చివరికి ఒప్పుకున్నా పతకం అందుకునే సభకు మాత్రం వెళ్ళలేదు. ఇలా ఒకే పతకాన్ని ఒకరు పుచ్చుకున్నారు, ఒకరు తిరిగి ఇచ్చారు, ఒకరు ఇబ్బంది పడ్డారు. వారిలో ఎవరినీ మేము తప్పు పట్టలేము.

స్వాతంత్ర్యం వచ్చాక 1954లో భారతరత్న, పద్మ పురస్కారాలు మొదలయ్యాయి. చిత్రమేమంటే, జాతి, వృత్తి, హోదా, స్త్రీ పురుష భేదం లేకుండా అనే మాట వీటి నియమాలలోనూ ఉంది. పద్మ పురస్కారంతో డబ్బు రాదు, రైలు టిక్కెట్టు తగ్గింపు రాదు. రాష్ట్రపతి సంతకం చేసిన పత్రం, పతకం, అంతే. అది బిరుదు కూడా కాదు. 1995లో సుప్రీంకోర్టు ఈ సంగతి స్పష్టంగా చెప్పింది. పేరుకు ముందు గానీ వెనుక గానీ తగిలించుకోకూడదు. తెలుగు సినిమా టైటిళ్ళలో నటుల పేరు ముందు వేయడం మీద 2013లో హైకోర్టులో కేసు కూడా నడిచింది. మన పెళ్ళి శుభలేఖల మీద, సభల ఫ్లెక్సీల మీద మాత్రం ఈ తీర్పు ఎవరూ చదివినట్టు లేదు!

ఇక మీరు అడిగిన ప్రశ్నకు వస్తాము. పద్మ నియమాలలో ఒక వాక్యం ఉంది. ప్రభుత్వ ఉద్యోగులు, ప్రభుత్వ రంగ సంస్థల ఉద్యోగులు ఈ పురస్కారాలకు అర్హులు కారు, అయితే డాక్టర్లకు, శాస్త్రవేత్తలకు మినహాయింపు ఉంది. నర్సుల మాట అందులో లేదు. ఒకే ఆపరేషన్ థియేటరులో, ఒకే బల్ల దగ్గర, ఒకే రాత్రి నిలబడిన ఇద్దరు ప్రభుత్వ ఉద్యోగులలో ఒకరికి తలుపు తెరిచి ఉంది, ఇంకొకరికి లేదు. డాక్టర్ల మీద అసూయతో ఈ మాట అనడం లేదు. మా డాక్టరుగారు ఎవరైనా ఆ జాబితాలో కనబడితే మొదట స్వీట్లు పంచేది మేమే. కానీ ఆ వాక్యంలో "నర్సులు" అనే ఒక్క మాట చేరిస్తే ఎవరికీ నష్టం ఉండదని మా అభిప్రాయం.

ఆ నియమం ఉన్నా ఒక ఏఎన్ఎం పద్మశ్రీ అందుకున్నారు. ఆమె పేరు శాంతి తెరెసా లక్రా. అండమాన్ దీవులలో లిటిల్ అండమాన్ అనే చోట, డుగాంగ్ క్రీక్ దగ్గర ఓంగే తెగవారున్నారు. మొత్తం కలిపి సుమారు వంద మంది. మన ఊళ్ళో ఒక వీధి జనాభా కూడా కాదు. అంత చిన్న తెగలో ఒక బిడ్డ పుట్టి బ్రతకడం అంటే ఆ తెగ నిలవడమే. లక్రా గారు వారి మధ్య ఉండి పురుళ్ళు, టీకాలు, జ్వరాలు చూసుకున్నారు. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు కూడా వారితోనే ఉన్నారు. 2011లో ఆమెకు పద్మశ్రీ ప్రకటించారు. పెద్ద ఆసుపత్రి లేదు, పెద్ద మిషన్లు లేవు. ఒక ఏఎన్ఎం, ఒక మందుల పెట్టె, పడవ ప్రయాణం.

నర్సుల కోసమే ప్రత్యేకంగా ఉన్న ప్రభుత్వ గౌరవం వేరే ఉంది. నేషనల్ ఫ్లోరెన్స్ నైటింగేల్ అవార్డు. కేంద్ర ఆరోగ్య శాఖ దీన్ని 1973లో ప్రారంభించింది. ఏఎన్ఎంలు, లేడీ హెల్త్ విజిటర్లు, నర్సులు ముగ్గురూ దీనికి అర్హులే. ప్రభుత్వ ఆసుపత్రులవారికే కాదు, మిషన్ ఆసుపత్రులవారికి, స్వచ్ఛంద సంస్థలవారికి కూడా ఇస్తారు. రాష్ట్రపతి చేతుల మీదుగా పతకం, ప్రశంసా పత్రం, నగదు అందుతాయి. 2024లో దేశం మొత్తం మీద 15 మందికి ఇచ్చారు. మన దేశంలో రిజిస్టరైన నర్సింగ్ సిబ్బంది 30 లక్షల పైమాటే. 2023లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఎర్రగుంట ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి చెందిన ఏఎన్ఎం ఒకరికి ఈ అవార్డు వచ్చింది. ఆ కబురు విన్న రోజు మా హాస్టలులో ట్రైనింగు పిల్లలు చప్పట్లు కొట్టారు. వాళ్ళలో చాలామంది అలాంటి ఊళ్ళనుండి వచ్చినవాళ్ళే.

2019లో ఈ అవార్డు పొందినవారిలో కేరళకు చెందిన లినీ పుతుస్సేరి ఉన్నారు. ఆమె స్వయంగా అందుకోలేదు. 2018 మే నెలలో కోళికోడ్ జిల్లా పేరాంబ్ర ఆసుపత్రిలో ఒక జ్వరం రోగికి సేవ చేశారు. ఆ జ్వరం నిపా వైరస్ అని అప్పటికి ఎవరికీ తెలియదు. ఆమెకు అంటుకుంది. మే 21న చనిపోయారు. ఇద్దరు చిన్న కొడుకులు. జబ్బు వ్యాపిస్తుందనే భయంతో భౌతికకాయాన్ని ఇంటికి కూడా పంపలేదు. తరువాత కేరళ ప్రభుత్వం తమ ఉత్తమ నర్సు అవార్డుకు ఆమె పేరు పెట్టింది. ఆ గౌరవం ఆమెకు తగినదే. కానీ మేము నర్సులము ఆమె కథ చదివినప్పుడు పతకం కంటే ముందు గ్లౌజులు, మాస్కు, విడిగా ఒక గది గుర్తుకొస్తాయి. 2020 మేలో కరోనా వార్డుల మీద హెలికాప్టర్ల నుండి పూలు చల్లారు. చూడడానికి బాగానే ఉంది. ఆ నెలల్లో దేశంలో ఎందరో నర్సులు మాస్కు కోసం ఎదురుచూస్తూ డ్యూటీ చేశారని కూడా రాసి ఉంచాలి.

మరి ఈ అవార్డు ఎలా వస్తుంది? ఎవరో వచ్చి వార్డులో నిలబడి చూసి ఇవ్వరు. దరఖాస్తు ఉంటుంది. సంస్థ పెద్దల సంతకం ఉంటుంది. రాష్ట్ర స్థాయిలో కమిటీ చూస్తుంది, ఆ తరువాత ఢిల్లీ. కమిటీవారి ముందు ఉండేది కాగితం మాత్రమే. మా పనికి వచ్చిన చిక్కు అక్కడే ఉంది.

ఒక ఉదాహరణ చెబుతాము. పక్షవాతం వచ్చి కదలలేని పెద్దాయన నలభై రోజులు మంచం మీద ఉన్నాడనుకోండి. రెండు గంటలకు ఒకసారి పక్కకు తిప్పాలి. రోజుకు పన్నెండుసార్లు. నలభై రోజులకు 480 సార్లు. ప్రతిసారీ వీపు చూడాలి, తడి ఉంటే తుడవాలి, దుప్పటి ముడతలు సరిచేయాలి. ఇదంతా సరిగా చేస్తే ఏమవుతుంది? ఏమీ కాదు. పడక పుండు పడదు. ఆయన వీపు ఎలా వచ్చిందో అలాగే ఇంటికి వెళుతుంది. పడని పుండును దరఖాస్తులో ఏ గడిలో రాస్తారు? కాన్పు తరువాత తల్లి నాడి పదిహేను నిమిషాలకొకసారి చూసి, రక్తస్రావం పెరుగుతోందని ముందే గమనించి డాక్టరమ్మను పిలిచిన సిస్టరు సంగతీ అంతే. ప్రాణం మీదకు రాకముందే ఆపేసింది కనుక, ఆ రాత్రి ఏమీ జరగనట్టే. నైట్ రిపోర్టు పుస్తకంలో "తల్లి, బిడ్డ క్షేమం" అని ఒక వరుస ఉంటుంది.

డాక్టర్ల ఆపరేషన్లకు లెక్క ఉంటుంది. మా పనికి సాక్షులు ఎవరంటే రోగి, రోగి పక్కన కింద చాప వేసుకుని పడుకున్న అమ్మగారో, చెల్లెలో, కొడుకో. వారు డిశ్చార్జి రోజున వెళ్ళిపోతారు. వెళ్ళేటప్పుడు సిస్టరు చేతిలో వంద నోటు పెట్టబోతారు. మావాళ్ళు తీసుకోరు, తీసుకోకూడదు కూడా. ఆ నోటు బదులు ఒక ఉత్తరం రాసి ఇవ్వండి.

పద్మ పురస్కారాలకైతే మీరే నేరుగా పేరు పంపవచ్చు. ఏ పౌరుడైనా పంపవచ్చు. అవార్డ్స్ డాట్ గవ్ డాట్ ఇన్ అనే వెబ్‌సైటులో, గడువు తేదీలోపల, 800 మాటలకు మించకుండా ఆ వ్యక్తి చేసిన సేవ రాయాలి. మన మిషన్ ఆసుపత్రుల నర్సులు ప్రభుత్వ ఉద్యోగులు కారు కనుక ఆ అడ్డు వారికి లేదు. కాలేజీ చదివే పిల్లలు ఇంట్లో ఉంటే అరగంట పని. ఇంకొకటి కూడా తెలుసుకోండి. కాలువలో పడిన పిల్లవాణ్ణో, కరెంటు షాకు తగిలినవారినో తన ప్రాణానికి తెగించి కాపాడిన మామూలు మనిషికి జీవన్ రక్షా పతకం ఉంది. 1961 నుండి ఇస్తున్నారు. సంఘటన జరిగిన రెండు సంవత్సరాల లోపల రాష్ట్ర ప్రభుత్వం ద్వారా పేరు వెళ్ళాలి. నీళ్ళు మింగిన పిల్లలను భుజాన వేసుకుని మా క్యాజువాలిటీకి పరుగెత్తుకొచ్చిన యువకులను చాలామందిని చూశాము. వారిలో ఎవరి పేరూ కలెక్టరు ఆఫీసుకు వెళ్ళినట్టు మేము వినలేదు.

నర్సుల విషయంలో ఉత్తరం ఎలా రాయాలంటే, పొగడ్తలు వద్దు. "దేవదూత వంటి సిస్టరు" అని రాస్తే కమిటీవారికి ఏమీ తెలియదు. ఏ నెల, ఏ వార్డు, జబ్బేమిటి, ఎన్ని రోజులున్నారు, సిస్టరు చేసిన ఒక పని, మీరు కళ్ళతో చూసింది, రాయండి. "రాత్రి రెండు గంటలకు మా నాన్న గొంతులో కఫం అడ్డుపడితే సక్షన్ పెట్టి, ఊపిరి కుదిరేవరకు కూర్చుంది" అని రాస్తే చాలు. సిస్టరు పేరు తెలియకపోతే తేదీ, వేళ రాయండి. డ్యూటీ రిజిస్టరు చూసి పేరు మేము కనుక్కుంటాము. ఆయమ్మల గురించి, ఊళ్ళకు వెళ్ళే ఏఎన్ఎంల గురించి రాసినా తీసుకుంటాము. తెలుగులో రాయండి, దరఖాస్తు కోసం ఇంగ్లీషులోకి మేమే రాయిస్తాము. చదువురానివారు నోటితో చెబితే మా ఆఫీసులో రాసుకుని వేలిముద్ర తీసుకుంటారు. ఉత్తరాలు నర్సింగ్ సూపరింటెండెంట్ గదిలో, ఆదివారం తప్ప అన్ని రోజులూ ఉదయం తొమ్మిది నుండి నాలుగు వరకు ఇవ్వవచ్చు.